వెనకొచ్చిన పన్ను

మొన్న మా మనవరాలిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయే పని నా మీద పడింది. దాని తల్లికి సెలవు దొరకలేదు, తండ్రికి ఓపిక లేదు, ఖాళీగా ఉన్నది నేనే కదా. నిజామాబాద్‌లో ఇప్పుడు వీధికొక పళ్ళ ఆసుపత్రి ఉంది. మేం పోయినచోట డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పిల్ల నోట్లో వేలెడంత కెమెరా పెట్టి అటూ ఇటూ తిప్పితే గోడ మీది తెరలో ఒక్కో పన్ను అరచేయంత కనిపించింది. "అమ్మా, వీటిలో మీకు ఏది బాగా లేదనిపిస్తోంది?" అని నన్నే అడిగింది. ముందువైపు కాస్త పక్కకు తిరిగిన పన్నును చూపించాను. డాక్టరమ్మ నవ్వి, "అందరూ దాన్నే చూపిస్తారు. నాకు దాంతో పేచీ లేదు. నా బాధంతా వెనక దవడతో," అంది. నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. ఇలాంటి మాటే ఇదే ఊళ్ళో, అరవై ఏళ్ళ కింద, ఇంకో డాక్టరు నోట విన్నాను. అప్పుడు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నది నేను.

మాది బోధన్. ఫ్యాక్టరీలో చెరకు ఆడే కాలం వస్తే ఊరంతా ఒకటే వాసన. కాగే రసం, మడ్డి, తడిసిన పిప్పి అన్నీ కలిసిన వాసన అది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన ఆగిపోయిన రోజు ఇల్లు బోసిగా అనిపించేది. పొగగొట్టం నుంచి నల్లటి నుసి వచ్చి ఆరేసిన బట్టల మీద రాలేది. మా అవ్వ ఆ నుసి దులుపుతూ రోజూ ఫ్యాక్టరీని తిట్టేది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం, తండ్రి తల్లి బాపమ్మ. తిట్టడం అయ్యాక ఎండిన పిప్పిని పొయ్యిలోకి తోసి నీళ్ళు కాచేది. పొద్దున్నే పెరట్లో అందరం వరసగా నిలబడి వేపపుల్లలు నమిలేవాళ్ళం. బాపమ్మ ఒక్కతే పొగాకు పొడి వేలికి రాసుకుని చిగుళ్ళు రుద్దుకునేది. ఆమె నోట్లో మిగిలింది ఒకే పన్ను. దాని చుట్టూ ఎంతో శ్రద్ధగా రుద్దేది.

మా బాపు ఉద్యోగం నోటితో చేసేది. మాట్లాడేది కాదు, నమిలేది. ఫ్యాక్టరీ తరఫున సైకిల్ మీద తోటలు తిరిగి, చెరకు కోతకు వచ్చిందో లేదో చూసి చెప్పాలి. ఫ్యాక్టరీలో మిషన్లు ఉండేవి, గాజు గొట్టాలు ఉండేవి, కానీ రైతులకు మా బాపు నోటి మీదే నమ్మకం. ఒక గడ విరిచి మొదలు, నడుమ, కొస మూడు ముక్కలు చేసేవాడు. పళ్ళతోనే తొక్క ఒలిచి ఒక్కో ముక్కా నమిలేవాడు. మొదలు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది, కొస చప్పగా ఉంటుంది. కొస కూడా మొదలంత తియ్యగా అయిన రోజు, "ఇగ కొయ్యుండ్రి," అనేవాడు. రోజుకు ఎన్ని తోటలో, అన్ని గడలు. సాయంత్రానికి పెదవుల మూలలు పగిలి ఉండేవి. అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, "రుచే తెలుస్తలేదే," అని అవ్వతో అనేవాడు. తీపి మీద విసుగు పుట్టిన మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే అనుకుంటాను.

ఇక నా పన్ను సంగతి. పాలపళ్ళు ఊడినప్పుడు పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీద వేయించేవాళ్ళు. ఊడిన చోట నాలుక పెట్టొద్దని, పెడితే వచ్చే పన్ను వంకరగా వస్తుందని అవ్వ కాపలా కాసేది. నేను పెట్టాననే ఇప్పటికీ నా అనుమానం. పళ్ళన్నీ వచ్చేశాయి, ఇక చోటు లేదనుకున్నాక, పదకొండో ఏడు దాటాక, కుడివైపు పైచిగురు మీద ఒక తెల్లటి మొన కనిపించింది. ఆరు నెలల్లో అది పక్క పన్ను మీదికెక్కి కూర్చుంది. అవ్వ తన తలే కొట్టుకుంది. బాపమ్మ మాత్రం నా గడ్డం పట్టుకుని చూసి సంబరపడింది. పన్ను మీద పన్ను అదృష్టమని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యం కూడా ఉండేది. తనకూ అలాంటి పన్నే ఉండేదట. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఏడే నిజాంసాగర్ కాలువకు నీళ్ళొచ్చాయట. జొన్న చేలు చెరకు తోటలైపోయాయట. "కోడలి పన్నే కాలువ తెచ్చిందని మా అత్త ఊరంత చెప్పింది," అనేది బాపమ్మ. ఆనకట్ట కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలియదు పాపం.

బళ్ళో నాకు అదృష్టం పట్టలేదు. సుగుణ అని నా పక్కనే కూర్చునే పిల్ల నాకు 'కోరల మణి' అని పేరు పెట్టింది. నా పేరు రాజమణి. చెడ్డ పిల్లేం కాదు, తన పచ్చడి నాకు పెట్టేది, నా లెక్కలు చూసి రాసుకునేది. కానీ పేరు పెట్టింది, అది అతుక్కుంది. నేను నవ్వితే చేయి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాను. తర్వాత మాట్లాడినా పెట్టుకోవడం మొదలైంది. తర్వాత మాట్లాడటమే తగ్గించాను. అంతకుముందు తరగతిలో పాఠం పైకి చదవమంటే మొదట లేచేది నేనే. చదవడమంటే నాకు ప్రాణం. అది కూడా మానేశాను. ఇంట్లో బాపుకు రాత్రి పత్రిక చదివి వినిపించే పని నాదే, అదీ మానేశాను. అవ్వకు నా పెళ్ళి దిగులు. బాపుకు ఆ దిగులు లేదు కానీ, పత్రిక మడిచి పక్కన పెట్టి నా మొహం చూసేవాడు. బడి మాన్పించాల్సి వస్తుందేమోనని ఆయనకు భయం పట్టుకుంది.

అలా ఒకరోజు ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్ పోయాం. బస్‌స్టాండుకు కొంత దూరంలో ఒక మేడ మెట్లెక్కితే డాక్టర్ సాబ్ గది. ఆయనకు పేరుండేది కానీ అందరికీ డాక్టర్ సాబే. నెరిసిన గడ్డం, తెల్లకోటు, గది నిండా లవంగనూనె వాసన, కాలితో తొక్కే మిషను. గోడకున్న బల్లల మీద వరసగా సుద్దతో పోసిన తెల్లటి పళ్ళు, మనుషులు లేకుండా పళ్ళే. నాకు భయం వేయాల్సింది, కానీ ఎవరివి ఇవన్నీ అని కుతూహలం పుట్టింది.

"ఏం తక్లీఫ్ బేటీ?" అని నా బాధేమిటో అడిగాడు. నేను చేయి తీసి చూపించాను.

"నమిలితె నొప్పా?" కాదన్నాను. "నెత్తురొస్తదా?" కాదన్నాను.

"మరి తక్లీఫ్ నీకా, చూసెటోళ్ళకా?"

అంతవరకు నన్ను అలా ఎవరూ అడగలేదు. బాపే చెప్పాడు. "నోరు తెరుస్తలేదు సాబ్. బడిల చదువుతలేదు. ఇంట్ల గుడ మాటల్లేవు."

"అయితె తక్లీఫ్ ఉన్నట్టే," అన్నాడు డాక్టర్ సాబ్. ఆ ఒక్కమాటకు నాకు ఆయన నచ్చాడు. ఇంత చిన్నదానికి ఇంత దూరమా అంటాడేమోనని బస్సులో అంతసేపూ భయపడ్డాను.

వేడినీళ్ళలో మెత్తబడిన ఒక ముద్దను గిన్నెలాంటి దానిలో పెట్టి నా నోట్లో నొక్కాడు. మైనం వాసనకు వాంతి వచ్చినంత పనైంది. దాంతో ఏం చేస్తాడో చెప్పలేదు. వారం తర్వాత రమ్మన్నాడు.

వారానికి పోతే బాపును దగ్గరికి పిలిచి, నా నోట్లో ఆ ఎక్కి కూర్చున్న పన్నును కాక, దాని వెనకనున్న పన్నును చూపించాడు. "దీన్ని తీస్త. దీని జాగలకు పైనున్నది మెల్లగ తానే దిగుతది. ఏడాది పట్టొచ్చు, ఇంక ఎక్కువ గుడ పట్టొచ్చు."

బాపు ఒంగి చూశాడు. "గది సక్కగనే ఉన్నది గద సాబ్?"

"సక్కగనే ఉన్నది. జాగ ఇచ్చేది గదే."

బాపు మొహం చూస్తే, మంచి గడను నరకమని చెప్పినట్టు ఉంది. డాక్టర్ సాబ్ తొందరేం లేదు, ఇరవై రోజులాగి రమ్మన్నాడు. ఆ తర్వాత బల్ల కిందినుంచి ఒక బిస్కట్ల డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అందులో దూదిలో చుట్టి నాలుగు జతల సుద్దపళ్ళు ఉన్నాయి. పై దవడ, కింది దవడ, ఒక్కో జత మీద నీలం పెన్సిల్‌తో నంబరు.

"నేను మస్తు ఏండ్ల సంది పండ్లు చూస్తున్న బేటీ. నాకు ఖరాబ్ అనిపించింది జనానికి అనిపియ్యది. జనం ఖరాబ్ అన్నది నాకు అనిపియ్యది. గీ రెండిట్ల నడుమ ఎంత దూరమున్నదో నాకు తెల్వాలె. నేనడిగితె డాక్టర్ను గదా, నాకు నచ్చే మాట చెప్తరు. నువ్వడిగితె నిజం చెప్తరు. మీ ఊళ్ళె అడుగు. ఏది మంచిది, ఏది ఖరాబ్, ఎందుకు. ఎవరేమంటె గదే రాయి. నీ మాట కలపకు." ఒక నోటుబుక్కు కూడా ఇచ్చాడు. "అందరికంటె ముందు నీది రాయి, ఇక్కడ్నే."

నాలుగూ చేతిలోకి తీసుకుని చూశాను. ఒకటో నంబరుకు పళ్ళ మధ్య సందులు. మూడోది ముందునుంచి చూస్తే దారం పట్టి పేర్చినట్టు ఉంది. నాలుగోది ఎత్తుపళ్ళు. రెండో నంబరుకు పన్ను మీద పన్ను. దాన్ని తిప్పి తిప్పి చూసి ఇలా రాశాను: "మూడు మంచిది. నాలుగు ఖరాబ్. రెండోదానికి నాకున్నట్టే పన్ను ఉంది కానీ నా అంత అసహ్యంగా లేదు. నా దానికంటే ఎంతో నయం." డాక్టర్ సాబ్ అది చదివి తలూపాడు.

ఆ ఇరవై రోజుల్లో బోధన్‌లో నేను ఎక్కని గడప లేదు. అడగాలంటే నోరు తెరవాలి కదా. చేయి అడ్డం పెట్టుకునే అడిగేదాన్ని, కానీ అడిగేదాన్ని. మొదట అవ్వ. నాలుగో నంబరును చూసి, "అయ్యో, గీ పొల్ల నోరు మూసుకునుడెట్లనే," అని సుద్ద మీద జాలిపడింది. మా ఇంటి వెనక దర్జీ భార్యను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. ఆమె కుట్టు ఆపి, నాలుగూ చూసి, "ఇవిట్ల ఆడోళ్ళవేవి, మొగోళ్ళవేవి? గది చెప్పు ముందుగల," అంది. తెలియదన్నాను. "మరి నేనెట్ల చెప్పుదు? నాలుగోది మొగోనిదైతె ఏం ఫికర్ లేదు. ఆడపిల్లదైతె ఇంటిల్లిపాది ఏడుస్తరు. పండ్లు గవే," అని మళ్ళీ మిషను తొక్కింది. నేను ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. పన్నెండేళ్ళకు అది నాకు పూర్తిగా అర్థం కాలేదు, కానీ ఏదో పెద్దమాట అని తెలిసింది.

తెలుగు చెప్పే పంతులమ్మ ఇంకో రకం. ఆమె ఒకటో నంబరును పైకెత్తి, "ఈ సందుల్లోంచి 'స' అంటే ఈల వస్తుంది. నాలుగోదానికి పెదవులు కలవవు, 'ప' రాదు. రెండూ మూడూ చక్కగా చదువుతాయి," అంది. రెండోది చక్కగా చదువుతుందని ఆమె అన్నమాట రాసుకుని రెండుసార్లు చదువుకున్నాను. సుగుణను అడగొద్దనే అనుకున్నాను. కానీ నీ మాట కలపకు అన్నాడు కదా డాక్టర్ సాబ్, ఇష్టంలేనివాళ్ళను వదిలేయడం కూడా కలపడమే అనిపించి అడిగాను. సుగుణ ఒకటో నంబరు చూసి, "సందులున్నోళ్ళు అబద్ధాలాడుతరట," అంది. రెండోదాన్ని చాలాసేపు చూసింది. "గిది మంచిగున్నది. నవ్వుతున్నట్టున్నది," అంది. నాకు కోపం వచ్చింది. నా నోట్లో ఉంటే కోర, సుద్దలో ఉంటే నవ్వా అనుకున్నాను.

బాపు అందరిలాగా చూడలేదు. పై దవడనూ కింది దవడనూ జతచేసి, గడ కొరికినట్టు కదిపి చూశాడు. అందరూ మెచ్చుకున్న మూడో నంబరును పక్కన పడేశాడు. "గిది ముంగట షోకు. ఎనుక పైదీ కిందిదీ కలుస్తనే లెవ్వు. గీ నోటితోని చెర్కు నలగది," అన్నాడు. రెండోది చేతిలోకి తీసుకుని, "గిది మస్తు గట్టిది. కొరుకుతది," అన్నాడు. పని వదిలేసి అందాలు చూస్తున్నారని ఊళ్ళోవాళ్ళ మీద విసుక్కున్నాడు కూడా.

బాపమ్మకు చూపు ఆనదు. ఆమెకు చేతికిచ్చాను. ఒక్కోదాన్నీ వేలితో తడిమింది. రెండోదాని దగ్గర వేలు ఆగింది. మళ్ళీ తడిమింది. తన నోట్లోని ఒంటి పన్నును తడుముకుంది. "గిది నాదే," అంది. "నీదెట్లయితదే, గది డాక్టర్ సాబ్‌ది," అన్నాన్నేను. "నా నోరు నాకు ఎర్కలేదా? గిది నేను కొత్తగ వచ్చినప్పటి నోరు," అని దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇవ్వనంది. అవ్వ నవ్వింది, బాపు నవ్వాడు, నేనూ నవ్వాను. ముసలితనం కదా అనుకున్నాం. అయినా ఆ మాట రాసుకున్నాను, ఆమె నిద్రపోయాక దాన్ని తిరిగి డబ్బాలో పెట్టాను.

ఇదంతా ఇలా సాగుతుండగా బడికి తనిఖీ అధికారి వచ్చాడు. పంతులమ్మ నా పాత చదువు మీద నమ్మకంతో నన్ను లేపి పాఠం చదవమంది. మొదటి వాక్యం చదివాను. వెనక బెంచీలో ఎవరో "కోరలు" అని మెల్లగా అన్నారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. రెండో వాక్యం నా గొంతులోంచి రాలేదు. చేయి నోటికి పోయింది. అధికారి నన్ను చూసి, "కూర్చో అమ్మా, ఇంకొకరు," అన్నాడు. ఇంటికొచ్చి పుస్తకాలు అటక మీదికి విసిరాను. ఇక బడికి పోనన్నాను. అవ్వ బతిమాలింది, బెదిరించింది. బాపు ఒక్కమాట అడిగాడు.

"పన్ను తీపిస్తె పోతవా?"

"గా పన్ను తీపిస్తె పోత. ఎనుకది కాదు."

బాపు మర్నాడంతా తోటల్లో తిరిగి వచ్చి, గడప మీద కూర్చుని, తనకు తోచింది అవ్వకు చెప్పాడు. చెరకు మొదట్లో పిలకలు లేస్తాయి. ముందొచ్చినవి గడలవుతాయి. తోట నిండాక ఆలస్యంగా లేచే పిలకలు కోతనాటికి పండవు, మంచి రసాన్ని చప్పన చేస్తాయి, వాటిని తీసేయాలి. ఇది బాపు బతుకంతా రైతులకు చెప్పిన మాట. "డాక్టర్ సాబ్‌కు పండ్లు ఎర్కనే. గని ఏది ముందొచ్చింది, ఏది ఎనుకొచ్చింది ఆయనకేమెర్క? ఆయన చూడంగ అన్ని వచ్చే ఉన్నయి. నేను చూసిన. గిది ఎనుకొచ్చిన పిలక. దీన్ని పెట్టి మంచి గడను తీస్తరా ఎవరన్న?" అవ్వకు ఇది న్యాయంగా తోచింది. నాకూ తోచింది. బాపమ్మ ఒక్కతే లబోదిబోమంది. కాలువ ఎండిపోతుందని శాపం పెట్టింది. "కాలువకు గేట్లున్నయవ్వా, దీని పన్నుతోని పనిలేదు," అన్నాడు బాపు.

మరుసటి అంగడి రోజు బాపు నన్ను తీసుకుపోయాడు. అంగట్లో చాప పరిచి, గాజు సీసా నిండా పళ్ళు పెట్టుకుని, పళ్ళు పీకే మనిషి ఒకాయన కూర్చునేవాడు. నొప్పి గురించి రాయను, రాసినా మీకు రాదు. అది ఊడటానికి చాలాసేపు పట్టింది, ఆ మనిషికే చెమటలు పట్టాయి. చివరికి ఆకులో పెట్టి బాపు చేతికిచ్చాడు. పైకి కనిపించిన మొన కొంచెమే, లోపలి వేరు దానికి రెండింతలు ఉంది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, "లోపట గింత ఉన్నదా?" అన్నాడు. అప్పుడే ఆయనకు అనుమానం తగిలిందని నాకనిపిస్తుంది. నాకు మాత్రం నోటినిండా నెత్తురుతోనే సంతోషం.

సంతోషం వారం నిలిచింది. బళ్ళో కోర లేదు, కానీ 'కోరల మణి' అలాగే ఉంది. పేరు పెట్టాక పన్నుతో పనేముంది? పైగా ఆ పక్క పెదవి లోపలికి కుంగింది, నవ్వితే నల్లటి ఖాళీ. చేయి మళ్ళీ నోటి మీదికే పోయింది.

ఇరవై రోజులు దాటాక డబ్బా, నోటుబుక్కు పట్టుకుని పోయాం. డాక్టర్ సాబ్ నా నోరు తెరిచి చూశాడు. "ఎవరు చేసిండ్రు?" అన్నాడు. బాపు దాచలేదు. ఎనుకొచ్చిన పిలక సంగతి మొదటినుంచి చెప్పాడు. డాక్టర్ సాబ్ మొహం ఎర్రబడింది. కానీ వింటూ వింటూ, "పిలకా? ఎట్ల, మల్ల చెప్పు," అని అడిగి తన కాగితం మీద రాసుకున్నాడు. అంత కోపంలోనూ ఆయనకు తెలుసుకోవాలనే ఉంది. రాయడం అయ్యాక కలం పెట్టేశాడు.

"భాయ్, నీ చెర్కు మాట నీ చెర్కుకు సహీ. కోరపన్ను ఎనుక వచ్చేది కచ్చగుండి కాదు. దాని వేరు అందరికంటె పొడుగు, తయారైతానికి టైం పడ్తది. నోటికి మూల కంబం గదే. ముసలోళ్ళకు అన్ని ఊడినంక గుడ ఆఖర్దాక నిలిచేది గదే."

బాపు నేల చూపులు చూశాడు. ఆఖరిదాకా నిలిచిన పన్ను మా ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని రుద్దుకుంటుంటే ఆయన పక్కనే నిలబడి వేపపుల్ల నమిలేవాడు.

డాక్టర్ సాబ్ నావైపు తిరిగాడు. "బుక్కు తియ్యి బేటీ. చదువు."

చదివాను. మొదట గొణిగాను. ఖాలా మాట వచ్చేసరికి ఖాలాలాగే అనాలనిపించింది. సుగుణ మాటకు సుగుణ గొంతు వచ్చింది. డాక్టర్ సాబ్ పగలబడి నవ్వాడు. మూడో నంబరును ఊరంతా మెచ్చుకుందని వింటూ తొడ చరిచాడు. "నా చదువుల అన్నిట్ల ఖరాబ్ గదే!" అన్నాడు. బాపు ఒక్కడే దాన్ని పట్టుకున్నాడని విని లేచి వచ్చి బాపు చేయి పట్టుకున్నాడు. బాపు సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇప్పుడు నీది చదువు," అన్నాడు నాతో. మొదటి పేజీ తిప్పి నేను రాసింది చదివాను. నా దానికంటే ఎంతో నయం అన్నదాకా.

ఆయన రెండో నంబరు తీసి నా చేతిలో పెట్టాడు. "గిది నీదే బేటీ. గా దినం మైనంల ఒత్తింది."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఆయన మీదే. ముందే చెప్తే పీకించుకునేదాన్నా అని అడిగేశాను. "ముందే చెప్తె నువ్వు పన్నును చూడవు, నిన్ను నువ్వు చూసుకుంటవ్. నిజం తెల్వది," అన్నాడు. మళ్ళీ తనే, "నిజం తెల్సుకునే పిచ్చిల నిన్ను మర్చిన. గంతవరకు నాదే తప్పు," అన్నాడు. పెద్దవాళ్ళు పిల్లలకు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఇదంతా మొన్నటి డాక్టరమ్మకు చెప్పాను. ఇప్పుడు తమ చదువులోనూ అలాగే చేస్తారట, బొమ్మలు చూపించి డాక్టర్లను వేరుగా, మామూలు జనాన్ని వేరుగా అడుగుతారట. నాకు డాక్టర్ సాబ్ మీద మళ్ళీ ప్రేమ పుట్టింది. ఒక తేడా మాత్రం చెప్పాలి. అప్పుడు మా ఊళ్ళో ఒక్కొక్కరికి ఒక్కో కొలత ఉండేది. పంతులమ్మకు అక్షరాలు, బాపుకు చెరకు, ఖాలాకు ఆడా మగా. అందరూ తప్పే, అందరిలోనూ ఏదో ఒకటి నిజం. ఇప్పుడు నా మనవరాలికీ దాని స్నేహితురాళ్ళకూ ఒకటే కొలత, అది ఫోన్‌లో ఉంది. డాక్టరమ్మ వెనక దవడ అంటుంటే పిల్ల వినిపించుకోలేదు, ఫోన్‌లో ఎవరిదో నవ్వు చూపించి ఇలా చేస్తారా అంది. ఏ కాలం మేలంటే నేను చెప్పలేను. ఇప్పుడు పిల్లల్ని అంగట్లో చాప మీద కూర్చోబెట్టడం లేదు, అది మేలే. ఆ ఖాళీలో నేను నలభై ఏళ్ళు దాటాకే పన్ను కట్టించుకున్నాను. అంతవరకు అది నాతోనే ఉంది, దానితోనే బళ్ళో పాఠాలు చెప్పాను, ఊరూరా మాట్లాడాను.

కానీ ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. తిరుగు బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. డాక్టర్ సాబ్ ఆ నోటుబుక్కు నాకే ఉంచుకోమన్నాడు, కావలసినవి తాను రాసుకున్నాడు. బోధన్ దగ్గరపడుతుంటే చెరకు బండ్లు రోడ్డు నిండా ఆగి ఉన్నాయి. డ్రైవర్ ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో బాపు నావైపు చూడకుండానే అన్నాడు.

"నాకు నీ పన్ను కనవడలే బిడ్డా. నాకు చెర్కే కనవడ్డది."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. చెరకు కొస చప్పగా ఉందో తియ్యగా ఉందో చిటికెలో చెప్పే మనిషి, నా మొహం చూసి ఏమీ తేల్చుకోలేక అలా కూర్చున్నాడు. నేనే నోటుబుక్కు తెరిచాను.

"బాపు, నువ్వేమన్నవో చదవాల్నా?"

"చదువు."

చదివాను. ఆయన మాట ఆయనకే. 'గిది మస్తు గట్టిది' దగ్గర ఆయన మొహం తిప్పేసుకున్నాడు. నేను ఆపలేదు. ఖాలాది చదివాను, పంతులమ్మది చదివాను, బాపమ్మది చదివాను. ముందు సీటులో కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి, "మల్ల చదువు బిడ్డా, గా దర్జీ ఆమెది," అన్నాడు. ఇంకో ఇద్దరు తిరిగారు. ఇంతలో బండ్ల వరస కదిలింది. డ్రైవర్ ఇంజను స్టార్ట్ చేశాడు, బస్సంతా దడదడలాడింది. నేను గొంతు పెంచాను.